మెత్తదనం వేరు, వదులుతనం వేరు: కారు సస్పెన్షన్ ట్యూనింగ్ మీద ఒక ప్రసంగం

(రాలేకపోయిన మిత్రుల కోసం రికార్డింగు విని టైపు చేసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలవాళ్ళకి వినబడుతోందా అండీ? సరే. మొదలుపెట్టే ముందు ఒక వస్తువు మీలోకి పంపిస్తున్నాను. చూసి పక్కవాళ్ళకివ్వండి. పసుపు రంగు, బొటనవేలికన్నా లావు, మధ్యలో బెజ్జం, నొక్కితే స్పాంజిలా లోపలికి పోతుంది. అదేమిటో తెలిసినవాళ్ళు అప్పుడే పక్కవాళ్ళ చెవిలో ఊదకండి. దాని కథ తర్వాత చెబుతాను. పాతికేళ్ళ వయసులో నాకున్న పొగరంతా దించింది ఆ ముక్కే.

నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "సార్, సస్పెన్షన్ మెత్తగా పెట్టమంటారా, గట్టిగా పెట్టమంటారా?" సస్పెన్షన్ అంటే కారు బాడీకీ చక్రాలకీ మధ్యనుండే స్ప్రింగులూ, షాకబ్జార్బర్లూ గట్రా. మెత్తగా ఉంటే సుఖం, గట్టిగా ఉంటే పట్టు, ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలి అని అందరి మనసులో పాతుకుపోయింది. తక్కెడలాగా. నేనేమంటానంటే, ఆ ప్రశ్నలోనే తిరకాసుంది. మెత్తదనం వేరు, వదులుతనం వేరు. పిల్లి గోడ మీంచి దూకడం చూశారు కదా? దిగేటప్పుడు కాళ్ళు ఎంత మెత్తగా ముడుచుకుంటాయి! మరి దిగాక ఊగుతుందా? ఊగదు. దూకింది, కూర్చుంది, అంతే. ఆ కాళ్ళు మెత్తన, కానీ వదులు కాదు. కారు అలా ఉండాలి. మనం రోడ్డు మీద చూసేవాటిలో చాలా కార్లు దీనికి తలకిందులు. గట్టిగానూ ఉంటాయి, వదులుగానూ ఉంటాయి. గతుకు మీద నడుము విరుగుతుంది, మలుపులో నమ్మకం ఉండదు. రెండు నష్టాలూ ఒకే కారులో!

సరే, స్ప్రింగు దగ్గర మొదలుపెడదాం. స్ప్రింగు మీద కూర్చున్న ఏ బరువైనా తనకంటూ ఒక లయలో ఊగుతుంది. మామూలు కుటుంబం కారు బాడీ సెకనుకి ఒకసారి, మహా అయితే ఒకటిన్నర సార్లు ఊగుతుంది. అంటే 1 నుంచి 1.5 హెర్ట్జ్. కాస్త దూకుడు కారైతే 2 దాకా పోతుంది. రేసు కార్లు ఇంకా పైన. ఈ 1, 1.5 అనే అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? మీరు నింపాదిగా నడిచేటప్పుడు మీ తల ఎన్నిసార్లు పైకీ కిందికీ కదులుతుందో లెక్కపెట్టుకోండి. దాదాపు ఆ లయే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మన ఒంటికి అలవాటైన ఊపు అది. అంతకంటే బాగా నెమ్మదిగా, సెకనుకి సగం సారి కూడా లేకుండా ఊగిస్తే ఏమవుతుంది? వాంతులు. పడవెక్కినవాళ్ళకి తెలుసు. అదే 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్య అదిరిస్తే పొట్టలో పేగులు కదిలినట్టుంటుంది. నిటారుగా వచ్చే అదురును మన ఒళ్ళు అన్నిటికన్నా ఓర్చుకోలేనిది అక్కడే.

దీనికి కాగితం మీద చేసుకునే చిన్న లెక్క ఉంది. రాసుకోండి, పనికొస్తుంది. స్ప్రింగు మీద ఏ బరువూ లేనప్పటి నుంచి కారు పూర్తి బరువు పడేదాకా చక్రం దగ్గర ఎంత దిగిందో సెంటీమీటర్లలో తీసుకోండి. దాని వర్గమూలంతో 5ని భాగించండి. అంతే. 25 సెంటీమీటర్లు దిగితే 1 హెర్ట్జ్. 11 దిగితే ఒకటిన్నర. 6 దిగితే 2. చూశారా, లయ రెట్టింపు కావాలంటే స్ప్రింగు నాలుగు రెట్లు గట్టిపడాలి. ఇంకో సంగతి, వెనక సీట్లో ముగ్గురు ఎక్కి డిక్కీ నిండితే వెనక భాగం మీద బరువు 400 కిలోల నుంచి 600 అయిందనుకోండి, లయ ఐదో వంతు దాకా పడిపోతుంది. అందుకే ఖాళీగా ఉన్నప్పుడు వెనక ఎగిరెగిరి పడే కారు, మనుషులెక్కాక పెద్దమనిషిలా నడుస్తుంది. కారు తయారుచేసినవాడికి తెలియక కాదు. ఖాళీ కారుకీ నిండు కారుకీ వాడు ఒకే స్ప్రింగు పెట్టాలి.

ఇప్పుడు మీరొకటి చెప్పండి. ముందు స్ప్రింగుల లయ ఎక్కువుండాలా, వెనకదా? ...వెనకదా? ఎందుకు? ...చెప్పలేరు, కానీ చెయ్యెత్తారు. బాగుంది, జవాబు మాత్రం కరెక్టే.

ఇది తేల్చినాయన మారిస్ ఓలీ. బ్రిటన్ మనిషి. రోల్స్ రాయిస్‌లో పనిచేసి, తర్వాత అమెరికాలో కాడిలాక్‌కి వెళ్ళాడు. 1930ల మొదట్లో ఏడుగురు కూర్చునే పెద్ద లిమోసీన్ ఒకటి తీసుకుని, దానికి అటూ ఇటూ జరిపే బరువులు తగిలించాడు. బరువు జరపడం, నడపడం, మళ్ళీ జరపడం, మళ్ళీ నడపడం. ఏది బాగుందో మీటర్లు కాదు, కూర్చున్నవాళ్ళే చెప్పాలి. అప్పటిదాకా కార్లకి ముందు స్ప్రింగులు బండగా ఉండేవి. ఆయన తిరగేశాడు. ముందు మెత్తగా, వెనక కాస్త బిగువుగా. కారణం వింటే ఇంతేనా అనిపిస్తుంది. గతుకు ముందు చక్రానికి ముందు తగులుతుంది, వెనక చక్రానికి తర్వాత తగులుతుంది. రెండు చక్రాల మధ్య దూరం రెండున్నర మీటర్లయితే, గంటకి 90 కిలోమీటర్ల వేగంలో సెకనులో పదో వంతు ఆలస్యం. ముందు భాగం అప్పటికే ఊగడం మొదలుపెట్టేసింది, వెనక ఇప్పుడే లేస్తోంది. రెండూ ఒకే లయలో ఊగితే, ఒకటి లేచినప్పుడు ఇంకోటి దిగుతూ కారు తల ఊపుతూనే ఉంటుంది. వెనకది కొంచెం వేగంగా ఊగితే? ఆలస్యంగా బయల్దేరినా ముందుదాన్ని అందుకుంటుంది. ఒకటిన్నర ఊపు అయ్యేసరికి రెండూ కలిసి లేచి కలిసి దిగుతాయి. తల ఊపడం పోయి కారంతా ఒకే పళ్ళెంలా కదులుతుంది. అలాంటి కదలికని మన ఒళ్ళు పెద్దగా పట్టించుకోదు. 1934లో ఆ కంపెనీ కార్లకి ముందు చక్రాలు విడివిడిగా కదిలే సస్పెన్షన్ రావడం వెనక కూడా ఈయన పట్టుదల ఉంది.

అయితే జాగ్రత్త, ఈ మంత్రం అన్ని వేగాల్లోనూ పారదు. ఆ ఆలస్యం వేగాన్ని బట్టి మారిపోతుంది కదా. అందుకే ఈ కారు హైవే మీద తేలిపోతుంది, ఊళ్ళో తల ఊపుతుంది అంటారు. నిజమే అంటున్నారు వాళ్ళు.

ఒంటిని అడగండి

మీటర్లు లేనివాళ్ళు దిగులుపడక్కర్లేదు. మీ ఒళ్ళే మీటరు. నేను కారు ట్యూన్ చేసేటప్పుడు నా పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుంటాను. కార్ల గురించి ఏమీ తెలియనివాళ్ళయితే మరీ మంచిది. "ఎలా ఉంది?" అని అడగను. "ఎక్కడ తెలిసింది?" అని అడుగుతాను. తేడా ఉంది, గమనించండి. మెడ ముందుకీ వెనక్కీ ఊగిందంటే ముందు, వెనక స్ప్రింగుల జత కుదరలేదు, లేకపోతే షాకులు అరిగాయి. పొట్టలో తెలిసిందంటే స్ప్రింగు, షాకు, రెంటిలో ఒకటి అవసరానికి మించి బిగువు. అరికాలికీ, స్టీరింగు పట్టుకున్న వేళ్ళకీ జివ్వుమందంటే అది టైరో, కీళ్ళ దగ్గరుండే రబ్బరు బుష్షో. చక్రం తనంతట తాను టపటపలాడే లయ సెకనుకి 10, 15 సార్లుంటుంది, అది కాళ్ళకే అందుతుంది. ఇంకోటుంది. తల పక్కలకి విసిరేస్తోంది, ఎడమకీ కుడికీ, తిన్నటి రోడ్డు మీద కూడా. అదెవరి పని? యాంటీ రోల్ బార్‌ది. ఎడమ, కుడి చక్రాలని కలిపే ఉక్కు కడ్డీ అది. దాని దగ్గరికి వస్తాను.

ముందు షాకబ్జార్బరు. పేరులోనే మోసం. షాకును తీసుకునేది స్ప్రింగు. స్ప్రింగు ఊగకుండా ఆపేది ఇది. దీన్ని డంపర్ అనాలి గానీ, పేరు పడిపోయింది, మనం మార్చలేం. ఇదిగో, ఇక్కడ టేబుల్ మీద ఒకటి నిలువునా కోసి పెట్టాను. లోపల నూనె. ఈ కడ్డీ చివర పిస్టన్. పిస్టన్‌కి బెజ్జాలు. ఆ బెజ్జాల మీద ఇవిగో, కాగితాల్లాంటి ఉక్కు బిళ్ళలు, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. షిమ్ములు అంటాం. నూనె వెళ్ళాలంటే వీటిని వంచుకుని వెళ్ళాలి. ఇది 0.15 మిల్లీమీటర్లు. ఇది 0.20. వేళ్ళతో పట్టుకుంటే తేడా తెలుస్తుందా? నాకే తెలియదు, స్క్రూ గేజి పెట్టాల్సిందే. కానీ బిళ్ళ బిగువు మందానికి ఘనంలో పెరుగుతుంది. 0.15 తీసి 0.20 వేస్తే ఆ ఒక్క బిళ్ళ రెండు రెట్ల పైన బిగుసుకుంటుంది. కారు గుణమంతా ఈ బిళ్ళల దొంతరలో ఉందంటే అతిశయోక్తి కాదు. నిజానికి ఇవాళ నేను రెండు గంటలూ దీని గురించే మాట్లాడగలను, మీరు లేచిపోతారని భయం.

షాకు దగ్గర చాలామంది పొరపడే మాట ఒకటుంది. లో స్పీడ్, హై స్పీడ్ అంటారు. అది కారు వేగం కాదండి. పిస్టన్ వేగం. కారు మలుపులో నెమ్మదిగా ఒరుగుతోంది, బ్రేకు వేస్తే ముక్కు నెమ్మదిగా దిగుతోంది. అప్పుడు పిస్టన్ సెకనుకి ఓ ఐదు, పది సెంటీమీటర్లు కదులుతుంది. అదే చక్రం గుంతలో పడితే సెకనుకి ఒక మీటరు దాటిపోతుంది. కారు ఇరవైలో వెళ్తున్నా సరే. ఇప్పుడు చెప్పండి, మనకేం కావాలి? నెమ్మది కదలికలో బిగువు. ఒరిగేటప్పుడు, దిగేటప్పుడు గట్టిగా పట్టుకోవాలి. వేగపు కదలికలో వదులు. గుంత తగిలినప్పుడు అడ్డుపడకుండా చక్రాన్ని పోనివ్వాలి. బాడీని పట్టుకో, చక్రాన్ని వదిలెయ్. మంచి షాకు ఈ రెండూ చేస్తుంది. చౌక షాకు తిరగేసి చేస్తుంది. నెమ్మదిగా ఉన్నప్పుడు పట్టుకోదు, దెబ్బ తగిలినప్పుడు రాయిలా బిగుసుకుంటుంది. మొదట్లో గట్టిగానూ వదులుగానూ ఉండే కార్లున్నాయన్నానే, వాటి రహస్యం ఇదే.

ఇంకో మాట. షాకు పైకి లేచేటప్పుడు ఎక్కువ, కిందికి నొక్కుకునేటప్పుడు తక్కువ అడ్డుపడాలి. మామూలుగా రెండింతలు, మూడింతలు తేడా ఉంటుంది. ఎందుకంటే నొక్కుకునేటప్పుడు స్ప్రింగు కూడా అడ్డుపడుతోంది. లేచేటప్పుడు స్ప్రింగే తోస్తోంది, ఆపేది షాకు ఒక్కటే. అలాగని లేచేవైపు మరీ బిగిస్తే? వరస గతుకులున్న రోడ్డు ఊహించుకోండి. మొదటి గతుక్కి చక్రం లోపలికి పోయింది. తిరిగి కిందికి దిగేలోపు రెండో గతుకు. ఇంకా లోపలికి. మూడోది. కారు మెల్లగా కుంగిపోతూ, చివరికి ప్రయాణం, అంటే చక్రం పైకీ కిందికీ కదలడానికున్న జాగా, అయిపోయి లోపల ఠంగుమంటుంది. డ్రైవరేమనుకుంటాడు? స్ప్రింగు మెత్తగా ఉంది, ఇంకా గట్టిది వేద్దాం అనుకుంటాడు. జబ్బొకటి, మందొకటి.

నాబు తిప్పే షాకులున్నవాళ్ళు మొత్తం వదులు చేసి మొదలుపెట్టండి. తెలిసిన రోడ్డు ఒకటి ఎంచుకోండి, రోజూ అదే రోడ్డు. లేచేవైపు రెండు క్లిక్కులు, నడపండి. ఇంకో రెండు, నడపండి. వేగంగా ఎత్తు దాటాక కారు ఒక్కసారి లేచి, ఒక్కసారి దిగి, కూర్చోవాలి. ఆ క్లిక్కు దొరికిందా, ఆగండి. ఇంకా బిగిస్తే బాగుంటుందేమో అని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి! చిన్న గతుకులు ఒంటికి తగలడం మొదలైతే దాటేశారన్నమాట, ఒకటి రెండు వెనక్కి తిప్పండి. ఆ అంకె కాగితం మీద రాయండి. ఒకసారికి ఒకటే మార్పు. టైర్లలో గాలీ మార్చి, షాకూ మార్చి, బాగుందంటే ఏది బాగు చేసిందో దేవుడికెరుక.

చేత్తో బానెట్ నొక్కి వదిలి, ఎన్నిసార్లు ఊగిందో చూసే పరీక్ష చేస్తుంటారు కదా, దాని మీద మరీ నమ్మకం పెట్టుకోకండి. పూర్తిగా చచ్చిపోయిన షాకు దొరుకుతుంది గానీ సగం చచ్చినది దొరకదు. టైరు చుట్టూ అరచేయి తిప్పి చూడండి. అక్కడక్కడ గుంటలు పడినట్టు అరిగిందంటే ఆ చక్రం నేల మీద నడవడం లేదు, గెంతుతోంది.

పసుపు ముక్క

ఇప్పుడు ఆ ముక్క సంగతి. ఎక్కడుంది? రెండో వరసలోనా? సరే. దాన్ని బంప్ స్టాప్ అంటారు. షాకు కడ్డీకి తొడిగి ఉంటుంది. ప్రయాణం అయిపోయేచోట ఇనుముకి ఇనుము తగలకుండా చూస్తుంది. నా మొదటి కారుకి నేను పొట్టి స్ప్రింగులు వేశాను. కారు రెండంగుళాలు కిందికి దిగింది. చూడ్డానికి ఎంత బాగుందో! మలుపుల్లో ఒరిగేది కాదు. రేసు కారు నడుపుతున్నట్టు ఉండేది. మా నాన్నగారిని ఎక్కించుకుని తిప్పాను. దిగాక ఏమీ అనలేదు, నడుం మీద చెయ్యేసుకుని లోపలికెళ్ళిపోయారు. ఆయనకేం తెలుసు అనుకున్నాను.

తర్వాత ఒకరోజు, తెలిసిన మలుపే, రోజూ తిరిగే మలుపే, మధ్యలో రోడ్డు కొంచెం లేచి ఉంది. వెనక భాగం ఒక్కసారిగా బయటికి విసిరింది. తిప్పి పట్టుకున్నాను గానీ, గుండె నోట్లోకి వచ్చింది. ఏమైందో అర్థం కాలేదు. షాపులో ఒక పెద్ద మెకానిక్ ఉండేవాడు. ఆయన ఏమీ మాట్లాడకుండా షాకు మీది రబ్బరు తొడుగు పైకి లాగి, కడ్డీకి ఒక ప్లాస్టిక్ ట్యాగు చుట్టి, బిగించి, కిందికి జరిపి, ఓ చుట్టు తిరిగి రమ్మన్నాడు. వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. ట్యాగు ఎక్కడుంది? పైకెళ్ళి ఆ పసుపు ముక్కకి కరుచుకుని ఉంది. అంటే నా కారు స్ప్రింగు మీద నడవడం లేదు, బంప్ స్టాప్ మీద నడుస్తోంది. నేను మురిసిపోయిన గట్టిదనమంతా అదే! ఆ ముక్క మొదట్లో మెత్తగా ఉంటుంది, సగం నలిగాక రాయి. మలుపు మధ్యలో గతుకు రాగానే వెనక బయటి చక్రం దగ్గర బిగువు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగింది, టైరు చేతులెత్తేసింది. ఒక ట్యాగు ముక్క నాకు చెప్పినంత పాఠం ఏ పుస్తకమూ చెప్పలేదు. ఇంటికెళ్ళి మీరూ చుట్టి చూడండి. మామూలు రోడ్డు మీద రోజూ పైదాకా వెళ్తోందంటే మీ కారుకి ప్రయాణం చాలడం లేదు.

మరి ఒరగకపోవడం మంచిదే కదా అంటారు. ఇక్కడ కాస్త నిదానంగా వినండి, ఇదే అసలు ముడి. మలుపులో లోపలి చక్రాల మీది బరువు బయటి చక్రాల మీదికి పోతుంది. ఎంత పోతుంది? ఓ లెక్క చేద్దాం. కారు 1200 కిలోలు. దాని గురుత్వ కేంద్రం నేలకి 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య ఒకటిన్నర మీటర్లు. మలుపు గట్టిగా తీసుకున్నాం, సగం 'జీ' వచ్చింది, అంటే పక్కకి లాగే బలం కారు బరువులో సగం. 1200 ఇంటూ అర, ఇంటూ 0.55, బై ఒకటిన్నర. ఎంత? 220 కిలోలు. ఒక వైపు 600 ఉండాల్సింది 820 అయింది, రెండో వైపు 380 మిగిలింది. ఇప్పుడు ఆ లెక్కలో స్ప్రింగు ఎక్కడుంది? చూడండి, వెతకండి. లేదు! యాంటీ రోల్ బార్ ఉందా? లేదు. బరువు, ఎత్తు, వెడల్పు, మలుపు. అంతే. ఒరిగినప్పుడు గురుత్వ కేంద్రం కూడా కాస్త పక్కకి జరుగుతుంది, దానివల్ల ఓ చిటికెడు తేడా వస్తుంది, లేదనను. కానీ స్ప్రింగు ఎంత గట్టిది వేసినా ఆ 220 కిలోలు పోయేవి పోతూనే ఉంటాయి. కారు తక్కువ ఒరుగుతుంది, అంతే.

నమ్మకపోతే సిట్రోయెన్ 2సీవీని చూడండి. 1948లో వచ్చింది. దున్నిన పొలంలో గుడ్ల బుట్ట పెట్టుకుని వెళ్ళినా గుడ్డు పగలకూడదు అని దాన్ని తయారుచేసినవాళ్ళ షరతు. మలుపులో అది ఒరిగితే చూసేవాళ్ళకి గుండె ఆగుతుంది, తలుపు నేలకి రాసుకుంటుందేమో అనిపిస్తుంది. అయినా సన్నటి టైర్లతో రోడ్డుని వదలదు.

మరి యాంటీ రోల్ బార్ దేనికి? ఆ 220 కిలోలని ముందు చక్రాలు ఎంత మొయ్యాలి, వెనక చక్రాలు ఎంత మొయ్యాలి అని వాటా వెయ్యడానికి. ఒక టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపవ్వదు, తక్కువే పెరుగుతుంది. కాబట్టి 300, 300 మోస్తున్న జత ఇచ్చే పట్టు, 410, 190 మోస్తున్న జత ఇవ్వలేదు. ఏ వైపు బార్ బిగువుగా ఉంటే ఆ వైపు జత ఎక్కువ వాటా మోస్తుంది, ఆ వైపు పట్టు తగ్గుతుంది. ముందు బార్ లావు చేశారా, స్టీరింగు తిప్పినా ముక్కు తిరగనంటుంది. వెనక లావు చేశారా, తోక బయటికి రావాలని చూస్తుంది. బిగిస్తే పట్టు పెరుగుతుందనుకుంటాం కదా, బిగించినచోట తగ్గుతుంది! ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మీరు సగం ట్యూనర్లు అయిపోయినట్టే. 20 మిల్లీమీటర్ల బార్ తీసి 22 వేస్తే ఎంత బిగుస్తుందనుకుంటున్నారు? పదో వంతా? కాదు. లావుకి నాలుగో ఘాతం. నూటికి 46 వంతులు. అందుకే బార్ మార్చేవాళ్ళు ఒక్కో మిల్లీమీటరే జరగండి. పైగా బార్ ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలిపి కట్టేస్తుంది. ఎడమ చక్రం గుంతలో పడితే కుడివైపుకీ ఆ వార్త అందుతుంది. తల పక్కలకి విసిరేది అందుకే.

టైరు సంగతి ఇప్పుడు చెబుతున్నాను గానీ, పని మొదలుపెట్టేది అక్కడే. టైరు కూడా స్ప్రింగే. మామూలు కారులో చక్రం దగ్గర సస్పెన్షన్ బిగువు కన్నా టైరు బిగువు ఎన్నో రెట్లుంటుంది. దాన్ని మార్చడానికి పానా అక్కర్లేదు, గాలి చాలు. 1960లో వచ్చిన షెవర్లే కోర్వేర్ అని ఒక కారుంది. ఇంజను వెనక, బరువంతా వెనక. తోక విసరకుండా ఉండాలంటే ముందు టైర్లకి 15 పాయింట్లు, వెనక 26 పెట్టమని కంపెనీవాళ్ళే చెప్పారు. గాలి పెట్టేవాళ్ళు, కారు నడిపేవాళ్ళు నాలుగింటికీ ఒకేలా పెట్టేస్తే? కారు స్వభావమే తిరగబడుతుంది. 1964 మోడల్‌కి ముందు యాంటీ రోల్ బార్ వచ్చింది. ఆ కారు మీద కోర్టు కేసులు, వాదోపవాదాలు చాలా నడిచాయి, అటు వెళ్ళను. గాలి కూడా సస్పెన్షనే అని గుర్తుంటే చాలు. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు చూడండి, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవండి, అక్కణ్ణుంచి రెండేసి పాయింట్లు అటూ ఇటూ జరిపి చూడండి. పెద్ద రింగులు, పల్చటి టైర్లు వేసుకుని కారు కుదుపుతోందని నా దగ్గరికొచ్చేవాళ్ళకి నేను షాకులు అమ్మను. పాత రింగులు ఇంట్లో ఉన్నాయా అని అడుగుతాను.

ఇక బుష్‌లు. ఇది మెకానిక్ మిత్రుల కోసం. ఒక కారు వచ్చింది నా దగ్గరికి. ఎక్కడో లోయర్ ఆర్మ్, అంటే చక్రాన్ని కింద నుంచి పట్టుకునే చెయ్యి, దాని బుష్‌లు మార్పించుకున్నారు, సరుకు కొత్తది, మంచిది. అయినా ముందు భాగం ఓ వేలెడు పైకి లేచి ఉంది, కారు చెక్క బండిలా కొడుతోంది. స్ప్రింగులు మార్చమంటున్నారు. నేనేం చేశాను? కారు నేల మీదే ఉంచి, బరువు చక్రాల మీదే ఉంచి, ఆ ఆర్మ్ బోల్టులు వదులు చేశాను. టక్కుమని చప్పుడు. ముక్కు దిగింది. మళ్ళీ బిగించాను. అయిపోయింది. జరిగిందేమిటంటే, జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా బోల్టులు బిగించేశారు. బుష్ రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. అది తిరగదు, మెలి తిరుగుతుంది. వేలాడే స్థితిలో బిగిస్తే, కారు దించగానే ఆ రబ్బరు జీవితాంతం మెలితిరిగే ఉంటుంది. అదే ఒక దొంగ స్ప్రింగు. కొన్నాళ్ళకి చిరుగుతుంది కూడా. కారు బరువు మీద నిలబడ్డాకే చివరి బిగింపు. దయచేసి.

అలైన్‌మెంట్ గురించి, అంటే చక్రాలు ఎటు చూడాలో సరిచేయడం గురించి, రెండే మాటలు. ఇవన్నీ అయ్యాక చేయించండి, ముందు కాదు. ఎత్తు మారితే అలైన్‌మెంట్ మారుతుంది. ముందు చక్రాలు కాస్త బయటికి చూస్తే మలుపులోకి చురుగ్గా దిగుతుంది గానీ తిన్నటి రోడ్డు మీద దిక్కులు చూస్తుంది. రోజూ నడిపే కారుకి తిన్నగా, లేదా ఇసుమంత లోపలికి.

ప్రశ్నలా? అడగండి బాబూ... స్ప్రింగు రెండు చుట్లు కోసేస్తే ఏమవుతుందంటారా? తక్కువ ఖర్చులో కారు దిగుతుంది, నిజమే. ఎనిమిది చుట్ల స్ప్రింగు ఆరైతే మూడో వంతు గట్టిపడుతుంది కూడా. కానీ కోసిన చివర సీటులో సరిగ్గా కూర్చోదు. చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు తన చోటు నుంచి జారే ప్రమాదముంది. కట్టరు వేడికి ఉక్కు పదును కూడా పోతుంది. షాకు మాత్రం పాత స్ప్రింగు లెక్కతోనే ఉంటుంది. ఇక ప్రయాణం ఎంత మిగులుతుందంటారా? ఆ లెక్క నోటితో చెప్పడం ఎందుకు, ఆ పసుపు ముక్కని అడిగితే సరి. ఎక్కడుంది అది? ఇంకా మూడో వరసలోనేనా? వెనకవాళ్ళకి పంపండమ్మా, వాళ్ళు ఇంకా చూడలేదు.